బొటనవేలు పెట్టే ముందు
(ఫోనులో పిలవని గంటలను ఆపడం ఎట్ల? – సెలవుల పాఠము)



పోయిన నెల మన గోడ పత్రికలో ఎనిమిదో తరగతి వాళ్లు దోమల గురించి రాసినారు. దోమ యాడ పుడుతుంది, ఎట్ల ఆపాలి అని. అది చదివినాక మేడం నన్ను పిలిచి, "నువ్వు సెలవుల్లో మీ ఇంట్లో ఫోను బాగు చేసినావంట కదా, దాన్ని కూడా పాఠంగా రాయి" అన్నారు. సరే మేడం అన్నాను. కానీ బాగు చేసింది నేనే అనేది సగం నిజం. ఆ ఫోనును చెడగొట్టింది కూడా నేనే. ఆ సగం అప్పుడు చెప్పలేదు. ఇక్కడ రెండూ రాస్తాను.

మన హాస్టల్లో ఫోన్లు లేవు కదా, ఇది మనకెందుకు అనుకోవద్దు. సంక్రాంతికి ఇండ్లకు పోతే ప్రతి ఇంట్లో ఒక ఫోను ఉంటుంది. ఆ ఇంట్లో అక్షరాలు కూడబలుక్కొని చదివే మనిషి చాలా చోట్ల మనమే. అందుకని ఇది మనకే కావాల్సిన పాఠము.

1. మా ఇంట్లో జరిగిన సంగతి

మాది మదనపల్లె పక్కన సుగాలి తండా. మా నాయన మదనపల్లె టమోటా మార్కెట్టులో హమాలీ. క్రేట్లు ఎత్తి లారీలకు నింపుతాడు. తెల్లవారక ముందే మేస్త్రీ ఫోను చేసి "ఈ పొద్దు లోడు ఉంది, రా" అంటేనే పని. కూలి డబ్బులు కూడా కొన్నిసార్లు ఫోనుకే వస్తాయి. ఇంట్లో అయిదుగురికి ఒకే ఫోను. దాని అద్దం ఒక మూల పగిలిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో నేను తొమ్మిదో తరగతి లెక్కల నోట్సు కోసం ఆ ఫోనులో వెతికినాను. ఒక పేజీ తెరుచుకునింది. అందులో నోట్సు లేదు. ఒక రోబో బొమ్మ ఉంది. "మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి" అని ఇంగ్లీషులో ఉంది. నేను రోబోను కాదు కదా అని నొక్కేసినాను. నోట్సు రాలేదు. ఆ పేజీ మూసేసి మరిచిపోయినాను.

రెండు రోజులకు ఫోను గంటలు కొట్టడం మొదలు పెట్టింది. మొదట "మీ ఫోనులో వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర గుర్తుతో వచ్చింది. తరువాత "మీకు బహుమానం తగిలింది" అని. తరువాత బట్టలు సరిగా లేని ఆడవాళ్ల బొమ్మలతో. రాత్రి పదకొండుకు కూడా వస్తా ఉన్నాయి. మా నాయనకు చదువు రాదు. అక్షరాలు ఏమి చెప్తా ఉన్నాయో ఆయనకు తెలీదు. బొమ్మ మాత్రం కనపడుతుంది.

మా అన్న ఇంటర్ చదువుతా ఉన్నాడు. నాయన వాడినే అనుమానించినాడు. "నువ్వు ఏం చూస్తే ఇవి వస్తా ఉండాయి?" అని అడిగినాడు. అన్న "నేనేమీ చూడలేదు" అని ఒట్టు పెట్టినాడు. నాయన నమ్మలేదు. నలుగురి ముందర చెంప మీద కొట్టినాడు. అన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే కుప్పం పక్కన ఉండే మా అక్క వాళ్ల ఇంటికి పోయినాడు. మా అమ్మ (ఇంట్లో మేము యాడి అంటాము) "వయసొచ్చిన పిల్ల ఉండే ఇల్లు, ఈ ఫోను మనకొద్దు" అని ఏడ్చింది.

నాయన ఫోనును మదనపల్లెలో ఒక రిపేరు అంగడికి తీసుకొని పోయినాడు. నేను కూడా పోయినాను. ఆ అంగడాయన "వైరస్ పట్టింది. ఫార్మాట్ కొట్టాల. నాలుగు వందలు అవుతుంది. లోపల ఉండేదంతా పోతుంది" అన్నాడు. లోపల మా అవ్వ ఫోటోలు ఉన్నాయి. అవ్వ పోయిన ఏడు చనిపోయింది. ఆమెవి ఇంకో ఫోటో యాడా లేదు. నాయన ఏమీ మాట్లాడకుండా ఫోను జేబులో పెట్టుకొని బస్సు ఎక్కినాడు.

ఆ రాత్రి మళ్లీ గంట కొట్టింది. ఈసారి నేను బొమ్మను చూడలేదు. బొమ్మ పక్కన చిన్న అక్షరాలతో ఉన్న పేరును చదివినాను. అది నేను నోట్సు కోసం తెరిచిన ఆ రోబో పేజీ పేరే. నాకు చెమటలు పట్టినాయి. అన్న తప్పేమీ లేదు. పిలిచింది నేను.

నేను వెంటనే చెప్పలేదు. రెండు రోజులు దాచినాను. మూడో రోజు చెప్పినాను. అది ఈ పాఠం చివర రాస్తాను. ముందు విషయం తెలుసుకుందాము.

2. నోటిఫికేషన్ అంటే ఏమి?

మన గోడ పత్రికనే ఉదాహరణగా తీసుకుందాము. ఈ గోడ మీద కాగితం అంటించాలంటే మేడం సంతకం కావాలి. సంతకం లేకుండా ఎవ్వరూ అంటించకూడదు. ఒకరోజు ఎవరో వచ్చి మేడం చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారనుకోండి. ఆ కాగితంలో "ఇక మీదట నేను ఎప్పుడైనా, ఏమైనా ఈ గోడకు అంటించుకోవచ్చు" అని ఉంది. మేడం చదవలేదు. అప్పుడు ఏమవుతుంది? వాళ్లు రోజూ వచ్చి అంటిస్తారు. అడిగితే సంతకం చూపిస్తారు.

ఫోనులో "అలో" అనే మాట అటువంటిదే. అలో అంటే అనుమతించు, ఒప్పుకుంటున్నాను అని. క్రోమ్ లాంటి బ్రౌజరులో ఒక వెబ్‌సైటు తెరిస్తే అది "మీకు నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడుగుతుంది. కింద రెండు బటన్లు ఉంటాయి. అలో, బ్లాక్. మనం అలో నొక్కితే ఆ సైటు బ్రౌజరులో ఒక చిన్న కాపలా మనిషిని పెట్టినట్టు ఒక ప్రోగ్రామును పెట్టుకుంటుంది. దీన్ని సర్వీస్ వర్కర్ అంటారు. మనం పేజీ మూసేసినా అది ఉంటుంది. ఆ సైటు వాళ్లు ఎప్పుడు సందేశం పంపితే అప్పుడు అది లేచి గంట కొడుతుంది. అందుకనే "నేను ఏ సైటూ తెరవలేదు కదా, ఎట్ల వస్తా ఉంది?" అని మనకు ఆశ్చర్యం.

ఈ ఏర్పాటు చెడ్డ పనికి పుట్టింది కాదు. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42 అనే రకంతో ఇది వచ్చింది. వార్తలు, వాన కబురు, రైలు ఆలస్యం ఇవన్నీ సైటు తెరవకుండానే తెలియాలని పెట్టినారు. కానీ మోసగాళ్లు కూడా అదే దారి పట్టినారు. గంట కొట్టితే మనం నొక్కుతాము. నొక్కితే ప్రకటన తెరుచుకుంటుంది. తెరుచుకుంటే వాళ్లకు డబ్బులు వస్తాయి. కొందరు అంతటితో ఆగకుండా మన పిన్ను, ఓటీపీ కూడా అడుగుతారు.

"రోబో కాదని అలో నొక్కండి", "వీడియో చూడడానికి అలో నొక్కండి", "వయసు పద్దెనిమిది దాటిందని అలో నొక్కండి" ఇవన్నీ ఒకే అబద్ధము. నిజంగా మనిషా కాదా అని పరీక్ష పెట్టే సైట్లు బొమ్మలు గుర్తు పట్టమంటాయి, లేదా గడిలో టిక్కు పెట్టమంటాయి. నోటిఫికేషన్ అనుమతి అడగవు. వీడియో చూడడానికి కూడా ఆ అనుమతి అక్కర లేదు.

జనానికి ఈ అడుగుడు విసుగు పుట్టింది. 2019లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వాళ్లు లెక్క చూస్తే, ఇట్ల అడిగినప్పుడు నూటికి 99 సార్లు జనం ఒప్పుకోవడం లేదని తేలింది. అందుకని 2020 జనవరి నుంచి ఆ బ్రౌజరు అడిగే పెట్టెను మొహం మీదికి తేకుండా పక్కన చిన్న గుర్తుగా పెట్టింది. అదే ఏడు క్రోమ్ కూడా మోసంగా అడిగే సైట్ల నోరు కొంత మూయించింది. అయినా పూర్తిగా ఆగలేదు. ఆ మిగిలిన ఒక్కరిలో నేను ఉన్నాను.

ముఖ్యమైన మాట: ఇది వైరస్ కాదు. ఎవరో ఫోనులోకి దూరలేదు. మనం ఇచ్చిన అనుమతి. ఇచ్చినదాన్ని మనమే వెనక్కి తీసుకోవచ్చు. దానికి ఫార్మాట్ అక్కర లేదు. నాలుగు వందలు అక్కర లేదు.

3. మొదటి ఫోను: మదనపల్లెలో మా నాయన ఫోను (గంటల జబ్బు)

గుర్తు: గంట పక్కన క్రోమ్ గుండ్రం బొమ్మ, ఏదో సైటు పేరు ఉంటాయి.

చికిత్స:
(అ) గంట మీద నొక్కకూడదు. పై నుంచి వేలితో కిందికి లాగి, పేరు చదివి పుస్తకంలో రాసుకోవాలి. గంట కింద "అన్‌సబ్‌స్క్రైబ్" అనో "సైట్ సెట్టింగ్స్" అనో చిన్న మాట ఉంటే దాన్ని నొక్కి అక్కడే ఆపవచ్చు.
(ఆ) అట్ల లేకపోతే క్రోమ్ తెరవాలి. పైన కుడి పక్క మూడు చుక్కలు ఉంటాయి. వాటిని నొక్కి "సెట్టింగ్స్" లోకి పోవాలి.
(ఇ) అందులో "సైట్ సెట్టింగ్స్", దాంట్లో "నోటిఫికేషన్స్".
(ఈ) అక్కడ అనుమతి పొందిన సైట్ల పట్టీ కనపడుతుంది. మనకు తెలియని ప్రతి పేరునూ నొక్కి "బ్లాక్" పెట్టాలి.
(ఉ) అదే చోట పైన ఒక మీట ఉంటుంది. అది ఆపేస్తే ఇక ఏ సైటూ అడగనే అడగదు. చదువు రాని పెద్దవాళ్ల ఫోనులో ఇదే మంచిది.

కొన్ని ఫోన్లలో మాటలు తెలుగులో ఉంటాయి, వరుస కొంచెం మారుతుంది. భయపడొద్దు. "నోటిఫికేషన్" అనే మాటను వెతికితే దొరుకుతుంది.

మా నాయన ఫోనులో పట్టీ తెరిస్తే పదకొండు పేర్లు ఉన్నాయి. నేను ఇచ్చింది ఒకటి. మిగతా పది ఎట్ల వచ్చినాయి? ఆ ఒకటి కొట్టిన గంటలను నాయన నొక్కినాడు. ఆ పేజీలు మళ్లీ అలో అడిగినాయి. పోతుందేమో అని ఆయన కనపడిన బటను నొక్కినాడు. ఒక దొంగ తలుపు దూరితే పది మందిని పిలుచుకున్నట్టు. పదకొండూ బ్లాక్ చేసినాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. అవ్వ ఫోటోలు అట్లే ఉన్నాయి.

కొత్త క్రోమ్‌లో ఇంకో సంగతి ఉంది. మనం చాలా రోజులు పోని సైట్లకు ఇచ్చిన అనుమతులను అదే తీసేస్తుంది. మనం పట్టించుకోని సైట్ల గంటలను కూడా ఆపేస్తామని 2025 అక్టోబరులో గూగుల్ చెప్పింది. వచ్చే గంటల్లో నూటికి ఒకటి కూడా జనం తాకడం లేదని వాళ్ల లెక్క. కానీ మనం ఎదురు చూస్తా కూర్చోకుండా చేత్తో తీసేయడమే మంచిది. క్రోమ్‌ను ప్లే స్టోరులో అప్‌డేట్ కూడా చేసుకోవాలి.

4. రెండో ఫోను: పుంగనూరులో మా మామ ఫోను (దారి మళ్లే జబ్బు)

నాయన ఫోను బాగయిందని తెలిసి పుంగనూరులో ఉండే మా మామ తన ఫోను ఇచ్చినాడు. పుంగనూరు ఆవు గురించి మీకు తెలుసు. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తు ఉంటుంది, పాలలో వెన్న ఎక్కువ. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతా ఉన్నారు. ఇప్పుడు దాని ధర లక్షల్లో పలుకుతా ఉంది. మామ గొర్రెలు కాస్తాడు. ఒక దూడ ధర ఎంత ఉందో చూద్దామని ఫోనులో వెతికినాడు.

ఒక పేజీలో ఆవు బొమ్మ ఉంది. నొక్కినాడు. ఆవు రాలేదు. ఇంకో పేజీ వచ్చింది. అది నిలబడక ముందే ఇంకోటి. చివరికి ఒక రంగుల చక్రం తిరిగింది. "మీకు ఫోను బహుమతి" అని వచ్చింది. వెనక్కి నొక్కితే వెనక్కి పోలేదు.

దీన్ని రీడైరెక్ట్ అంటారు. దారి మళ్లించడం. మదనపల్లె బస్టాండులో పుంగనూరు బోర్డు చూసి బస్సు ఎక్కితే అది మనల్ని తెలియని ఊరిలో దించినట్టు. బస్సుకైతే కండక్టరు ఉంటాడు, అడగొచ్చు. ఇక్కడ ఎవరూ ఉండరు.

దారి మళ్లించడం కూడా అన్నిసార్లూ తప్పు కాదు. ఒక సైటు పేరు మారితే పాత పేరు కొట్టినవాళ్లను కొత్త పేరుకు పంపుతారు. మనం అడగకుండా, మనకు పనిలేని చోటికి పంపితే అది మోసం.

చికిత్స:
(అ) ఆ పేజీలో ఉండే ఏ బటనూ నొక్కకూడదు. పేజీ లోపల ఉండే ఇంటూ గుర్తు కూడా బొమ్మ కావచ్చు. దాన్ని నొక్కినా ప్రకటన నొక్కినట్టే.
(ఆ) బ్రౌజరు పైన చిన్న చదరం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ఆ ట్యాబును మూసేయాలి. అదీ వీలు కాకపోతే క్రోమ్‌ను పూర్తిగా పక్కకు తోసేసి మళ్లీ తెరవాలి.
(ఇ) సైట్ సెట్టింగ్స్‌లో "పాపప్స్ అండ్ రీడైరెక్ట్స్" అని ఉంటుంది. అది ఆపి ఉండాలి. ఎవరైనా తెరిచి ఉంటే ఆపేయాలి.
(ఈ) "హిస్టరీ" లోకి పోయి బ్రౌజింగ్ డేటా, కుకీలు తుడిచేయాలి. దీంతో ఫోటోలు పోవు. కొన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది, అంతే.

మామకు బహుమతి రావాలంటే 99 రూపాయలు కట్టమని అడిగినారంట. పిన్ను కొట్టే దాకా పోయినాడు. నెట్టు ఆగిపోయి బతికినాడు. ఇక్కడ అందరూ ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో మన ఖాతా నుంచి డబ్బులు పోవడానికే పిన్ను కొట్టాలి. డబ్బులు రావడానికి పిన్ను అక్కర లేదు. "డబ్బులు పంపుతాము, పిన్ను కొట్టండి" అంటే వాడు దొంగ.

5. మూడో ఫోను: కుప్పంలో మా బావ ఫోను (లోపల కూర్చున్న జబ్బు)

అన్నను పిలుచుకొని రావడానికి నేను, నాయన కుప్పం పోయినాము. మా బావ కుప్పం స్టేషన్లో రైలు ఎక్కి బెంగళూరు కూలికి పోతాడు. ఆయన ఫోను ఇంకా ఘోరము. క్రోమ్ తెరవకుండానే, లాక్ తీస్తానే ఫోను నిండా ప్రకటన. ఎవరికైనా ఫోను చేసి పెట్టేసినా ప్రకటన. ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోతుంది. నేను క్రోమ్‌లో పట్టీ చూసినాను. ఒక్క సైటు కూడా లేదు. అప్పుడు నాకు తెలిసింది, ఇది వేరే జబ్బు అని.

దీన్ని యాడ్‌వేర్ అంటారు. మనం పెట్టుకున్న ఏదో ఒక యాప్ లోపల ప్రకటనలు చూపే పని దాగి ఉంటుంది. టార్చిలైటు, ఫోను వేగం పెంచేది, ఉచితంగా సినిమాలు చూపేది ఇట్లాంటి పేర్లతో వస్తుంది. బావకు బెంగళూరులో ఎవరో వాట్సాపులో ఒక ఫైలు పంపినారు. ఊరికే సినిమాలు చూడొచ్చు అని. అటువంటి ఫైలును ఏపీకే అంటారు. ప్లే స్టోరు నుంచి కాకుండా బయటి నుంచి నేరుగా పెట్టుకునేది.

చికిత్స:
(అ) ఈ ప్రకటనలు ఏ రోజు నుంచి వస్తా ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజుకు ముందు ఏ యాప్ పెట్టినారో అడగాలి. డాక్టరు "ఎప్పటి నుంచి జ్వరం? ముందు రోజు ఏం తిన్నావు?" అని అడుగుతాడే, అట్ల.
(ఆ) సెట్టింగ్స్‌లో "యాప్స్" తెరిచి ఆ యాప్‌ను "అన్‌ఇన్‌స్టాల్" చేయాలి. కొన్నిటికి బొమ్మ కనపడదు, పేరు కూడా ఉండదు. అటువంటిది ఉంటే అనుమానించాలి.
(ఇ) ప్రకటనలు అడ్డం వచ్చి తీసేయనీయకపోతే ఫోనును "సేఫ్ మోడ్" లో తెరవాలి. చాలా ఫోన్లలో పవర్ బటను పట్టుకొని, తెర మీద వచ్చే "పవర్ ఆఫ్" మాటను గట్టిగా నొక్కి పడితే సేఫ్ మోడ్ అడుగుతుంది. అప్పుడు మనం పెట్టుకున్న యాప్‌లు నిద్రపోతాయి. నిద్రలో ఉండగా తీసేసి, ఫోను మళ్లీ మామూలుగా తెరవాలి.
(ఈ) అన్‌ఇన్‌స్టాల్ బటను పని చేయకపోతే, సెట్టింగ్స్‌లో "డివైస్ అడ్మిన్" అని వెతికి, ఆ యాప్‌కు ఉన్న అధికారం తీసేసి, తరువాత తొలగించాలి.
(ఉ) ప్లే స్టోరులో పైన మన గుండ్రం బొమ్మ నొక్కితే "ప్లే ప్రొటెక్ట్" ఉంటుంది. దాంతో ఒకసారి స్కాన్ చేయాలి.
(ఊ) భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని మొదలు పెట్టింది. ఫోన్లు, కంప్యూటర్లు శుభ్రం చేసే పనిముట్లను ఉచితంగా ఇస్తుంది.

బావ ఫోనులో పేరు లేని యాప్ ఒకటి దొరికింది. సేఫ్ మోడ్‌లో పెట్టి తీసేసినాము. ఆ ఉచిత సినిమాల యాప్ కూడా పోయింది. బావకు కొంచెం బాధ అయింది.

6. పక్కన కూర్చునే మనిషి

కుప్పం గురించి మన కంప్యూటర్ మేడం ఒక సంగతి చెప్పినారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ అనే అమెరికా కంపెనీ, మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పని మొదలు పెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచినారు. కంప్యూటరు, ఇంటర్నెట్టు పెట్టినారు. అప్పుడు మనం పుట్టలేదు. మన అమ్మానాయనలు చిన్నపిల్లలు.

ఆ కేంద్రాల్లో కంప్యూటరు తెలిసిన మనిషి ఒకరు కూర్చొని ఉండేవాళ్లు. చదువు రానోళ్లు పోతే వాళ్లే చూసి చెప్పేవాళ్లు. ఇప్పుడు అంతకన్నా బలమైన యంత్రం మా నాయన జేబులో ఉంది. కానీ పక్కన కూర్చునే మనిషి లేడు. తెల్లవారి నాలుగింటికి మార్కెట్టులో, రైల్లో, గొర్రెల దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు గంట కొడుతుంది. అడిగేదానికి ఎవరున్నారు? ఆ మనిషి మనమే కావాలి అని నాకు అనిపించింది.

7. ముందుగానే రాకుండా చేసుకోవడం

1. చదవకుండా అలో నొక్కరాదు. తెలియకపోతే బ్లాక్ నొక్కాలి. బ్లాక్ నొక్కితే నష్టం లేదు, కావాలంటే తరువాత మార్చుకోవచ్చు.
2. "మీ ఫోనులో వైరస్‌లు ఉన్నాయి" అని వెబ్‌సైటు చెప్తే నమ్మరాదు. మామూలు వెబ్ పేజీ మన ఫోను లోపలంతా వెతికి వైరస్ ఉందో లేదో చెప్పలేదు.
3. బ్యాంకు బొమ్మ ఉన్నంత మాత్రాన బ్యాంకు కాదు. బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. పక్కన ఉన్న సైటు పేరు చదవాలి.
4. వాట్సాపులో వచ్చిన ఏపీకే ఫైలు తెరవరాదు, అది మేనమామ పంపినా సరే.
5. మన ల్యాబ్ కంప్యూటర్లలో కూడా క్రోమ్ సెట్టింగ్స్‌లో ఇదే పట్టీ ఉంది. అక్కడ "ఎక్స్‌టెన్షన్స్" అని ఇంకోటి ఉంటుంది. తెలియనివి ఉంటే మేడంకు చెప్పి తీసేయించాలి.
6. డబ్బులు పోతే ఏడుస్తా కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బులు ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు. కంప్యూటరు, ఫోను ద్వారా ఇంకొకరి వేషం వేసి మోసం చేస్తే 2000 నాటి ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

8. చివరి మాట

మూడో రోజు నేను ముందు యాడికి చెప్పినాను. తరువాత నాయనకు. కొడతాడని భయపడినాను. ఆయన కొట్టలేదు. చాలా సేపు పలకలేదు. తరువాత మా తాత సంగతి చెప్పినాడు. తాతకు ఒక ఎకరా చేను ఉండేదంట. ఒకాయన వచ్చి "ఇది లోను కాగితం" అని చెప్పి బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. అది అమ్మకం కాగితం. చేను పోయింది. "మీ తాతకు చదువు రాక వేలు పెట్టినాడు. నిన్ను చదివిస్తా ఉండేది అట్ల కాకూడదనే కదమ్మా" అన్నాడు.

ఆ మాట కొట్టినదాని కన్నా ఎక్కువ తగిలింది. నాకు చదువు వచ్చు. ఆ నాలుగు ఇంగ్లీషు మాటలు నేను చదవగలను. చదివి కూడా ఆలోచించకుండా అదే బొటనవేలు పెట్టినాను. తాత కాగితాన్ని వెనక్కి తీసుకోలేకపోయినాడు. నా దాన్ని తీసుకోవచ్చు కాబట్టి బతికిపోయినాను.

కుప్పంలో నాయన అన్న దగ్గరికి పోయి "నాదే తప్పురా" అన్నాడు. మా నాయన ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. నేను కూడా చెప్పినాను. అన్న నాతో ఒక వారం సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతా ఉన్నాడు. కానీ నలుగురి ముందర తిన్న దెబ్బను బ్లాక్ చేసే బటను ఏ సెట్టింగ్స్‌లోనూ లేదు.

అందుకని అక్కలారా, చెల్లెళ్లారా, ఇంట్లో ఫోనులో చెడ్డ బొమ్మ వస్తే ముందు ఎవరినీ అనుమానించొద్దండి. గంట పక్కన పేరు చదవండి. నొక్కింది మీరే అయితే దాచొద్దండి. నాలాగా రెండు రోజులు ఆలస్యం చేయొద్దండి.

సెలవుల పని: ఈ సంక్రాంతికి మీ తండాలో, కాలనీలో అయిదు ఫోన్లు చూడండి. ఒక్కో దాంట్లో ఎన్ని సైట్లకు అనుమతి ఉందో, ఎన్ని తీసేసినారో నోటు పుస్తకంలో రాసుకొని రండి. పేర్లు, నంబర్లు రాయొద్దు, లెక్క మాత్రమే. అందరివీ కలిపి ఈ గోడ మీదే అంటిద్దాము (మేడం సంతకంతోనే).

ప్రశ్నలు (జవాబులు మీరే చెప్పండి):
1. పేజీ మూసేసినా గంట ఎందుకు కొడుతుంది?
2. క్రోమ్ పట్టీలో ఒక్క సైటూ లేకపోయినా ప్రకటనలు వస్తే ఎక్కడ వెతకాలి?
3. డబ్బులు రావడానికి పిన్ను కావాలా?
4. ఫార్మాట్ కొట్టే ముందు ఏమేమి చూడాలి?

ఈ పాఠంలో తప్పులు ఉంటే పెద్దలు దిద్దవలెనని కోరుతున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని